బొమ్మ గుడి లోపల ఏముందంటే

చిన్నూకి, బుజ్జికి తాతయ్య దీవెనలు.

మొన్న వీడియో కాల్‌లో బుజ్జి మీ దగ్గరున్న చర్చి బొమ్మని, అదే ఆ బొమ్మ గుడిని, ఫోన్‌కి ఆనించి పెట్టి, "తాతయ్యా, దీని తలుపు తెరుచుకోవట్లేదు, లోపల ఏముంది?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే సిగ్నల్ పోయింది. అందుకే ఈ ఉత్తరం. బొమ్మలో ఏమీ లేదమ్మా, అది చెక్క దిమ్మ. ఏ గుడిని చూసి దాన్ని చేశారో ఆ అసలు గుడిలో మాత్రం చాలా ఉంది. వెళ్లి, మెట్లెక్కి, చెయ్యి పెట్టి తడిమి మరీ వచ్చాను. ముప్పయ్యేళ్లు పిల్లలకు వడ్రంగం నేర్పినవాణ్ణి కదా, చెక్కపని ఎదురుగా ఉంటే ఊరుకోలేను.

ఆ ఊరు పేరు జైఫెన్. జర్మనీలో, చెక్ దేశపు సరిహద్దును ఆనుకుని ఎర్ట్స్‌గెబిర్గె అనే కొండలున్నాయి. ఖనిజాల కొండలని అర్థం. మీ బాబాయి ఉండే డ్రెస్డెన్ నుంచి బస్సులు మారుతూ వెళ్లాం. వాగు ఇసుకను నీళ్లలో కడిగి తగరం తీసేవారట, ఆ పని మీదనే ఊరికి పేరొచ్చింది. 1324 నాటి కాగితాల్లోనే ఆ పేరు ఉంది. తర్వాత గనులు తవ్వారు. తగరం తగ్గుతున్నకొద్దీ జనం చెక్క పట్టారు. గనుల్లో చక్రాలు తిప్పిన వాగు నీళ్లే లేత్‌లు తిప్పడానికి పనికొచ్చాయి. 1849లో గని మూతపడే నాటికి ఊరు ఊరంతా బొమ్మలు చేసేవాళ్లే. మన ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసేవాళ్లను చూశారు కదా, లేత్ తిరుగుతుంటే ఉలి ఆనించడం? ఇక్కడా అదే. లక్క మాత్రం లేదు.

ఆ ఊళ్లో గుట్ట మీద ఉంటుంది గుడి. 1776లో మొదలుపెట్టి 1779లో పూర్తి చేశారు. కట్టినవాడు క్రిస్టియాన్ గోట్‌హెల్ఫ్ రాయ్‌టర్. మీ బొమ్మకి గోడలెన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఎనిమిది వస్తాయి. అసలు గుడికీ ఎనిమిదే. మన ఊళ్లో గుడి పొడుగ్గా, అగ్గిపెట్టెలా ఉంటుంది. వెనకాల కూర్చుంటే అయ్యగారు అగ్గిపుల్లంత కనబడతారు. ఎనిమిది పలకల గుడిలో ఎవరూ మరీ దూరంగా పడరు. లోపలికి అడుగుపెట్టి తలెత్తితే గోడల వెంట చుట్టూతా చెక్క మేడలు! కింద బెంచీలు, పైన మళ్లీ బెంచీలు. ఆ మేడను జర్మన్‌లో ఎంపోరె అంటారు. మనం గ్యాలరీ అందాం. సినిమా హాల్లో బాల్కనీ ఉంటుందే, అలాంటిదే, కాకపోతే వెనకొక్కటే కాదు, పక్కల కూడా.

దేవుడి గుడిలో బాల్కనీ ఎందుకు?

దీనికి 1500ల నాటికి వెళ్లాలి. అంతకుముందు పూజ ఎక్కువగా లాటిన్‌లో జరిగేది, జనం చాలావరకు నిలబడే చూసేవాళ్లు. మార్టిన్ లూథర్ అనే జర్మన్ మతగురువు వచ్చి, జనం మాట్లాడే భాషలో వాక్యం చెప్పాలి, జనం కూడా పాడాలి అన్నాడు. టోర్గౌ అనే ఊళ్లో రాజుగారి కోటలో ఇందుకోసమే కొత్తగా కట్టిన చిన్న గుడిని 1544 అక్టోబరు 5న ఆయనే ప్రతిష్ఠించాడు. దేవుడు తన వాక్యంతో మనతో మాట్లాడాలి, మనం ప్రార్థనతో, పాటతో ఆయనకు బదులివ్వాలి, ఈ ఇంట్లో ఇంకేమీ జరగకూడదు అని ఆ రోజు ప్రసంగంలో చెప్పాడు. ఆ గుడిలోనూ చుట్టూ మేడలున్నాయి, రాతివి. ప్రసంగ వేదిక ఒక చివర కాకుండా పక్క గోడకి మధ్యలో పెట్టారు. ఎందుకో ఇప్పుడు మీరే చెప్పగలరు.

అంటే గ్యాలరీలు లూథర్ కనిపెట్టాడని కాదు, ఆ మాట బళ్లో చెప్పి మార్కులు పోగొట్టుకోకండి. అవి అంతకుముందూ ఉన్నాయి. ఇవే కొండల్లో అన్నాబెర్గ్ అనే ఊరి పెద్ద గుడిలో, ఆయన మార్పులు రాకముందే చెక్కిన రాతి గ్యాలరీ ఉంది. దాని ముందువైపు వంద రాతి బొమ్మలు. వాటిలో మనిషి పదేళ్లప్పుడు, ఇరవై ఏళ్లప్పుడు ఇలా వందేళ్ల వరకూ మగవాళ్లకి పది, ఆడవాళ్లకి పది మెట్లు, ఒక్కో వయసుకి ఒక్కో జంతువు! నా వయసుకి ఏ జంతువో బాబాయి చూసి నవ్వాడు, చెప్పనన్నాడు. లూథర్ తర్వాత వచ్చిన మార్పేమిటంటే, గ్యాలరీ అలంకారం పోయి అవసరం అయింది. ప్రసంగం గంట సేపు ఉంటే నిలబడి వినలేరు కదా. అందరికీ బెంచీ కావాలి. బెంచీ వేస్తే నిలబడినంతమంది పట్టరు. ఊరి గుడి గోడలు పడగొట్టి పెద్దది చేయడానికి డబ్బుల్లేవు. మరి జనాన్ని ఎక్కడ పెట్టాలి? పైన.

పైన అంటే రాతితో కుదరదు. పాత గోడలు ఆ బరువు మొయ్యవు. కొండల నిండా ఫర్, స్ప్రూస్ చెట్లున్నాయి, వడ్రంగులున్నారు. అందుకే జర్మనీ పల్లెగుళ్లలో గ్యాలరీ అంటే చెక్కపనే.

నాకిష్టమైన భాగం ఇక్కడే, కాస్త ఓపిగ్గా చదవండి. కింది స్తంభం నెత్తిన సరిగ్గా పై స్తంభం రావాలి. ఒక్క బెత్తెడు జరిగినా మధ్యలో దూలం వంగుతుంది. ఒక కర్ర కొసను సన్నగా చెక్కి, ఇంకో కర్రలో తొలిచిన బెజ్జంలోకి దూర్చి, అడ్డంగా చెక్క మేకు దిగ్గొడతారు. ఇనుప మేకైతే చెమ్మకు తుప్పు పడుతుంది, చెక్క మేకు చెక్కతో పాటే ఉబ్బుతుంది, చెక్కతో పాటే ఎండుతుంది. ఇంకో సంగతి ఆలోచించండి: ప్రార్థన మొదలవగానే మేడ మీదున్న వందమంది ఒక్కసారిగా లేచి నిలబడతారు. కూర్చున్న బరువు వేరు, ఒక్కసారి లేచే కుదుపు వేరు. రెండు మూడొందల ఏళ్లుగా ఆదివారం ఆదివారం ఆ కుదుపు తట్టుకున్నాయి ఆ కీళ్లు. నేను మెట్లెక్కితే కిర్రుమన్నాయి గానీ కదల్లేదు.

ముందువైపు చెక్క పిట్టగోడ ఉంటుంది. ఊరి వడ్రంగి నైపుణ్యం, ఊరి డబ్బు రెండూ అక్కడే బయటపడతాయి. డబ్బున్న ఊళ్లో చెక్కిన తీగలు, దేవదూతల ముఖాలు, మెలితిరిగిన చిన్న స్తంభాలు. లేని ఊళ్లో ఒక తెలివైన పని చేస్తారు: చదును పలకనే స్తంభం అంచు ఆకారంలో రంపంతో కోసి నిలబెడతారు. ఎదురుగా చూస్తే లేత్ మీద తీసిన కమ్మీలే అనిపిస్తుంది, పక్కకి వెళ్లి చూస్తే పలక! మామూలు కర్రకి పాలరాయి గీతలు పడేలా రంగు వేయడం కూడా ఇక్కడ మామూలే. దాన్ని మోసం అంటే నేనొప్పుకోను. ఆ గీతలు గీయడానికి చెయ్యి ఎంత తిరగాలో నాకు తెలుసు. చాలా ఊళ్లలో పిట్టగోడను గళ్లుగళ్లుగా విడదీసి, ఒక్కో గడిలో బైబిల్ కథ ఒక్కో బొమ్మ వేశారు. ఆదాము దగ్గర మొదలుపెట్టి గుడి చుట్టూ కళ్లు తిప్పితే కథంతా అయిపోతుంది. చదువు రానివాళ్లకి అదే పుస్తకం. ప్రసంగం బోరు కొట్టిన పిల్లలకి కూడా అనుకుంటాను.

ఇప్పుడు బుజ్జి అడుగుతుంది: బాల్కనీ టికెట్టు ఎక్కువ కదా, పెద్దవాళ్లు పైన కూర్చునేవాళ్లా? నా చిన్నప్పుడు సినిమా హాల్లో నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ అని రేటు పెరుగుతూ పోయేది. ఇక్కడ లెక్క వేరు. చాలా ఊళ్లలో ఆడవాళ్లు కింద, మగవాళ్లు పైన. పెళ్లికాని కుర్రాళ్లు, పాలేర్లు మరీ పైమేడకి పోవాలి. జమీందారు కుటుంబానికి మాత్రం వేదికకి దగ్గరగా చెక్కపనితో, అద్దాల కిటికీలతో ప్రత్యేకంగా ఒక గది, కొన్నిచోట్ల అందులో చలిమంట కూడా. బెంచీలకి అద్దె కట్టేవాళ్లు, బెంచీ వరసకుండే చిన్న తలుపుల మీద పేర్లు రాసుకునేవాళ్లు. దేవుడి ముందు అందరూ సమానమని వేదిక మీద అయ్యగారు చెబుతుంటే, ఎవరు ఎవరికంటే ఎంత ఎక్కువో బెంచీలు చెప్పేవి. నాకైతే ఇది నచ్చలేదు. కానీ మన గుళ్లో ముందు వరసలో ఎవరు కూర్చుంటారో, చెప్పుల దగ్గర ఎవరు కూర్చుంటారో గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

పైమేడ కుర్రాళ్లు ఊరుకుంటారా? అయ్యగారికి కనబడని మూలల్లో బెంచీ మీద చాకుతో పేర్లు చెక్కారు. నేను చూసిన గుళ్లలో ఏ పాత బెంచీ తడిమినా వేళ్లకి అక్షరాలు తగిలాయి. నన్నడిగితే ఆ గుళ్లలో చెక్కపని రెండు రకాలు: జీతమిచ్చి చేయించింది, తిట్లు తిని చేసింది.

చెక్క గ్యాలరీల కథ చెబుతూ ష్వైడ్‌నిట్స్ చెప్పకపోతే తప్పు. అది ఊరు కాదు, పట్నం, ఇప్పుడు పోలండ్‌లో ష్విద్నిత్సా అంటారు. అప్పట్లో అక్కడ ఉన్నది జర్మన్ మాట్లాడే లూథరన్లు, ఏలేది కేథలిక్ చక్రవర్తి. ముప్పయ్యేళ్లు యుద్ధం జరిగి 1648లో సంధి కుదిరాక, సరే మూడు గుళ్లు కట్టుకోండి అన్నాడు. షరతులు చూడండి: పట్నం గోడ బయట కట్టాలి. రాయి, ఇటుక వాడకూడదు. కర్ర, మట్టి, గడ్డి అంతే. గోపురం ఉండకూడదు, గంట ఉండకూడదు. ఏడాదిలో పూర్తి కావాలి. నాలుగు రోజుల్లో కూలిపోతుందిలే అనుకుని ఉంటాడు. వాళ్లు 1656లో మొదలుపెట్టి 1657లో ముగించారు. లోపల అంతస్తుల మీద అంతస్తులు గ్యాలరీలు వేసి 7,500 మంది పట్టేలా చేశారు! ఓక్ దుంగలు దానమిచ్చిన హోహ్‌బెర్గ్ వంశానికి చెక్కి చెక్కి ఒక గది కట్టిచ్చారు. మూడింటిలో ఒకటి తర్వాత కాలిపోయింది. ష్వైడ్‌నిట్స్‌దీ, యావర్ అనే ఊళ్లోదీ మూడున్నర శతాబ్దాలు దాటి నిలబడే ఉన్నాయి. 2001లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మళ్లీ మన బొమ్మ గుడికి వద్దాం. దాని తాతను చూపిస్తాను.

ఇవే కొండల్లో ఫ్యుర్స్టెన్‌వాల్డె అనే పల్లెలో 1666లో జార్జ్ బేర్ అనే అబ్బాయి పుట్టాడు. వడ్రంగం నేర్చుకున్నాడు. 1705లో డ్రెస్డెన్ నగరానికి పెద్ద వడ్రంగి అయ్యాడు. ఇంజినీరు కాదు, వడ్రంగి, గుర్తుపెట్టుకోండి! మొదట కట్టినవి చిన్న ఊళ్ల గుళ్లు. అప్పటికి ద్రాక్షతోటల పల్లె అయిన లోష్‌విట్స్‌లో ఎనిమిది పలకల గుడి, తర్వాత ష్మీడెబెర్గ్‌లో, ఫోర్ష్‌హైమ్‌లో. జనాన్ని వేదిక చుట్టూ కూర్చోబెట్టడం, మేడ మీద మేడ వేయడం అంతా ఆ పల్లెల్లోనే చేసి చూశాడు. 1726లో డ్రెస్డెన్‌లో ఫ్రౌయెన్‌కిర్షె అనే పెద్ద గుడి మొదలుపెట్టాడు. పెద్ద రాతి గుమ్మటం, దాని కింద గుండ్రంగా, నాటకశాలలాగా గ్యాలరీలు. అది 1743లో పూర్తయింది, ఆయన 1738లోనే పోయాడు. 1945 ఫిబ్రవరిలో బాంబులు పడి మంటల్లో కాలి గుమ్మటం కూలింది. పడిపోయిన రాళ్లలో పనికొచ్చినవన్నీ ఏరి మళ్లీ వాడి 2005లో తిరిగి నిలబెట్టారు. బాబాయి ఇంటి నుంచి ట్రామ్‌లో వెళ్లొచ్చు. కొత్త రాళ్లు తెల్లగా, పాతవి నల్లగా కలిసి గోడకి మచ్చలున్నట్టు కనిపిస్తుంది.

రాయ్‌టర్ జైఫెన్‌లో గుడి కట్టినప్పుడు మనసులో పెట్టుకున్నది ఈ ఫ్రౌయెన్‌కిర్షెనే. అంటే పల్లెలో నేర్చిన పని పట్నానికి పోయి పెద్దదై, మళ్లీ చిన్నదై కొండ మీది పల్లెకి వచ్చింది. ఆ తర్వాత జైఫెన్ బొమ్మలవాళ్లు దాన్ని ఇంకా చిన్నది చేసి అరచేతిలో పెట్టారు. లోపలి మేడలు మాత్రం బొమ్మలోకి పట్టలేదు.

గుడి ముందు నల్ల అంగీలు తొడుక్కున్న బుల్లి పిల్లలున్నారు కదా, ఒకడి చేతిలో నక్షత్రం? వాళ్లని కురెండె అంటారు. బీద పిల్లలు ఇంటింటికీ వెళ్లి పాటలు పాడి నాలుగు డబ్బులు తెచ్చుకునేవాళ్లు, లూథర్ కూడా చిన్నప్పుడు అలా పాడినవాడే. డిసెంబరులో మన గుంటూరులో నక్షత్రం పట్టుకుని క్యారల్స్‌కి తిరుగుతారే, ఆ బొమ్మ చూడగానే నాకు అదే గుర్తొచ్చింది. 1842లో గుంటూరు వచ్చి మన లూథరన్ సంఘానికి పునాది వేసిన హేయర్ గారు అమెరికా నుంచి వచ్చారు గానీ పుట్టింది జర్మనీలోని హెల్మ్‌ష్టెట్‌లోనే.

బొమ్మని కిటికీలో పెట్టకండి, ఎండకి రంగు పోతుంది. వానచినుకు పడనివ్వకండి. ఒకడి తల ఊడితే ఫెవికాల్ పుయ్యొద్దు, నేను వచ్చి చూస్తాను.

ఈ ఉత్తరంతో పాటు చిన్న కవరులో ఒక చెక్క ముక్క పెట్టాను, పారేయకండి. జైఫెన్‌లో పచ్చి చెక్కను లేత్ మీద పెట్టి చక్రంలా తిప్పుతూ వంకర్లుగా గాళ్లు తీస్తారు. చూస్తే గాజులాగా, ఏదో బండి చక్రంలాగా ఉంటుంది, ఏమీ అర్థం కాదు. దాన్ని కేకులా ముక్కలు కోస్తే ఒక్కో ముక్క ఒక్కో జంతువు! మీకు పంపింది అలాంటి చక్రంలో పావు భాగం, కోయకుండా. కోసిన అంచు వైపు తిప్పి చూడండి. ఏ జంతువో మీ ఇద్దరూ విడివిడిగా కాగితం మీద రాసి పెట్టండి, ఒకళ్లది ఒకళ్లు చూడొద్దు. నేను వచ్చాక నా ఉలితో కోద్దాం. ఎన్ని వస్తాయో కూడా రాయండి.

మీ తాతయ్య