పెద్దది చేస్తే బొమ్మ మసకబారుతోందా? గ్రాఫిక్స్ కార్డు కొనే ముందు ఇది చదవండి

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల మల్టీమీడియా నేర్చుకునే పిల్లల నుంచి మాదాపూర్‌లో ఈ-లెర్నింగ్ కోర్సులు తయారుచేసే ఉద్యోగుల దాకా నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే. "మేడమ్, లోగో చిన్నగా మొదలై స్క్రీన్ నిండా వచ్చేలా స్కేల్ యానిమేషన్ పెట్టాను. చివరికొచ్చేసరికి అంతా మసక మసకగా ఉంది. నా సిస్టమ్ సరిపోవట్లేదా?" అడిగినవాళ్ల మీద నాకెప్పుడూ విసుగు రాదు. పాపం, వాళ్ల టెన్షన్ నిజమైనది. సంగతేంటో చూడకుండానే "కార్డు మార్చెయ్" అని సలహా ఇచ్చేవాళ్ల మీదే నా కోపమంతా.

అపోహ: స్కేల్ చేసినప్పుడు బ్లర్ అయితే గ్రాఫిక్స్ కార్డు చాలదని అర్థం.

వాస్తవం: ఈ మసకకీ కార్డుకీ సంబంధం లేదు. మంచి కార్డు ఉంటే ప్రివ్యూ ఆగకుండా నడుస్తుంది, కొన్ని ఎఫెక్టులు త్వరగా రెండర్ అవుతాయి. బొమ్మలో లేని వివరాన్ని మాత్రం అది తెచ్చిపెట్టలేదు. పీఎన్‌జీ లాంటి బొమ్మ పిక్సెళ్లనే చిన్న చిన్న రంగు చుక్కలతో తయారవుతుంది. 400 పిక్సెళ్ల వెడల్పున్న పీఎన్‌జీ లోగోని 400 శాతానికి పెంచారనుకోండి. వెడల్పు 1600 పిక్సెళ్లవుతుంది. అసలు బొమ్మలో ఒక్క పిక్సెల్ ఉన్నచోట ఇప్పుడు అడ్డంగా నాలుగు, నిలువుగా నాలుగు, మొత్తం 16 పిక్సెళ్లు నింపాలి. వాటికి కావలసిన సమాచారం ఫైల్లో లేదు కాబట్టి సాఫ్ట్‌వేర్ పక్క రంగుల్ని చూసి అంచనా వేసి నింపుతుంది. ఆ అంచనానే మీకు మసకగా కనిపిస్తోంది. గ్లాసు మజ్జిగలో చెంబుడు నీళ్లు పోస్తే నాలుగు గ్లాసులవుతాయి గానీ మజ్జిగ చిక్కబడదు కదా.

నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి "కార్డు మార్చెయ్" అన్న సలహా విని ఈఎంఐ మీద కార్డు కొనేశాడు. ఇంకా సరైన ఉద్యోగం కూడా లేదు, చిన్న చిన్న ఫ్రీలాన్స్ పనులు చేసుకుంటున్నాడు. కార్డు బిగించాక కూడా లోగో అలాగే ఉండేసరికి ప్రాజెక్టు ఫైల్ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని నా దగ్గరికొచ్చాడు. "ఇప్పుడు ర్యామ్ కూడా పెంచాలా మేడమ్?" అని అడిగాడు. ఆఫీసులో నేను వాడే మామూలు ల్యాప్‌టాప్‌లో అదే ఫైల్ తెరిచి చూపించాను. రెండుచోట్లా అదే మసక. లోగో ఎక్కడిదని అడిగితే కోచింగ్ సెంటర్ ఓనర్ వాట్సాప్‌లో ఫొటోగా పంపారట. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే బొమ్మ కుదించుకుపోతుంది. అదే డాక్యుమెంటుగా పంపితే ఫైల్ ఉన్నదున్నట్టు వస్తుంది. అసలు ఫైల్ ఓనర్ దగ్గర లేదు. "మీ బోర్డు ఎక్కడ చేయించారు, ఫ్లెక్స్ ఎక్కడ కొట్టించారు?" అని అడగమన్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఫ్లెక్స్ షాపువాళ్ల కంప్యూటర్‌లో, కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో గీసిన అసలు ఫైల్ భద్రంగా ఉంది. దాన్ని ఎస్‌వీజీగా ఎక్స్‌పోర్ట్ చేయించి తెచ్చాడు. అది వెక్టర్ ఫైల్, అంటే బొమ్మ పిక్సెళ్లుగా కాకుండా గీతలు, వంపులుగా ఉంటుంది, ఏ సైజుకైనా కొత్తగా గీయొచ్చు. లోగో అద్దంలా వచ్చింది. పైసా ఖర్చు కాలేదు, ఈఎంఐ మాత్రం ఇంకా కట్టాల్సే ఉంది.

పాత కస్టమర్ దగ్గర వెక్టర్ ఫైల్ లేదంటే నేను మొదట అడిగేది ఫ్లెక్స్ షాపునే.

వెక్టర్ ఎక్కడా దొరకకపోతే సైజు ముందే లెక్కేసుకోవాలి. ఆ వస్తువు టైమ్‌లైన్ మీద ఎక్కడ అన్నిటికంటే పెద్దగా కనిపిస్తుందో చూసి, ఆ సైజులో బొమ్మ తయారుచేసుకోండి. 1920 పిక్సెళ్ల ఫ్రేమ్ నిండా రావాలంటే కనీసం 1920 పిక్సెళ్ల బొమ్మ కావాలి. అప్పుడు స్కేల్ కీఫ్రేములు, అంటే ఏ క్షణంలో సైజు ఎంతుండాలో చెప్పే గుర్తులు, 20 నుంచి 100 శాతానికి వెళ్తాయి. చాలామంది 100 నుంచి 500కి వెళ్తారు. చూసేవాడికి కదలిక ఒకటే అయినా, నాణ్యతలో మాత్రం ఎక్కడా పోలిక ఉండదు. అలాగని కెమెరాలోంచి తీసిన 6000 పిక్సెళ్ల ఫొటోని చిన్న ఐకాన్ కోసం పెట్టకండి. మెమరీ తినేస్తుంది, చిన్నగా ఉన్నప్పుడు అంచులు మినుకుమినుకుమంటాయి.

ఇంకో మాట. మసక కనబడగానే కంగారు పడకుండా ప్రివ్యూ ఎంతలో ఉందో చూడండి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో ప్రివ్యూ రిజల్యూషన్ హాఫ్‌లోనో క్వార్టర్‌లోనో ఉంటే ఎంత మంచి బొమ్మయినా అలాగే కనిపిస్తుంది. ఫుల్‌లో పెట్టి, 100 శాతం జూమ్‌లో చూశాకే బాగుందో లేదో తేల్చండి.

అపోహ: డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ ఇలస్ట్రేటర్‌లో సేవ్ చేసిన ఫైల్ అంటే వెక్టరే, ఎంత పెంచినా చెక్కుచెదరదు.

వాస్తవం: పీఎన్‌జీని ఇలస్ట్రేటర్‌లో పెట్టి సేవ్ చేసినంత మాత్రాన అది వెక్టర్ అయిపోదు. ఫ్లాష్ పేరు మారి వచ్చిన యానిమేట్ సాఫ్ట్‌వేర్‌లో బిట్‌మ్యాప్‌ని, అంటే పిక్సెళ్ల బొమ్మని, మళ్లీ మళ్లీ వాడుకునే సింబల్‌గా మార్చినా అంతే, లోపల బిట్‌మ్యాపే ఉంటుంది. ఇలస్ట్రేటర్‌లో తెరిచి కంట్రోల్-వై నొక్కండి. గీతలు, వంపులు కనిపిస్తే వెక్టర్. ఖాళీ చట్రం ఒక్కటే కనిపిస్తే లోపలున్నది ఫొటో.

నిజమైన వెక్టర్ కూడా ఒక్కోసారి మసకబారుతుంది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ ఆ ఫైల్‌ని మొదట 100 శాతం సైజులో పిక్సెళ్లుగా మార్చి, ఆ తర్వాతే స్కేల్ చేస్తుంది. లేయర్ పక్కన సూర్యుడి గుర్తున్న కంటిన్యువస్‌లీ రాస్టరైజ్ స్విచ్ ఆన్ చేస్తే ప్రతి సైజుకీ మళ్లీ కొత్తగా గీస్తుంది. లేయర్‌ని ప్రీకంప్‌లో, అంటే కొన్ని లేయర్లని ఒక్కటిగా మూటకట్టిన దాంట్లో పెట్టి, ఆ ప్రీకంప్‌ని స్కేల్ చేస్తుంటే అక్కడ కూడా ఆ స్విచ్ నొక్కాలి. పవర్‌పాయింట్‌లో గ్రో-ష్రింక్ యానిమేషన్ పెడితే చక్కటి షేప్ కూడా పెరిగేకొద్దీ చెదురుతుంది. అలాంటప్పుడు పెద్ద సైజు వస్తువుని తర్వాతి స్లయిడ్‌లో పెట్టి మార్ఫ్ ట్రాన్సిషన్ వాడితే ఆగేచోట స్పష్టంగా ఉంటుంది.

ఏఐ టూల్‌లో వేసి పెద్దది చేయించొచ్చు కదా అంటారు. ఫొటోలకి కొంతవరకు పనికొస్తుంది. అక్షరాలున్న లోగోకి మాత్రం వద్దు. లేని వివరాన్ని అది కూడా ఊహించే వేస్తుంది. తెలుగు అక్షరాల్లో చిన్న సున్నా, తలకట్టు అటూ ఇటూ అయితే మాటే మారిపోతుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

"పెంచుతుంటే వస్తువు పక్కకి జారిపోతోంది, సాఫ్ట్‌వేర్‌లో బగ్ ఉంది" అంటారు. బగ్ కాదు, యాంకర్ పాయింట్. స్కేల్ ఎప్పుడూ ఆ బిందువు చుట్టూనే జరుగుతుంది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో కంట్రోల్-ఆల్ట్-హోమ్ నొక్కితే అది లేయర్ మధ్యకి వస్తుంది. మొక్క నేలలోంచి పెరగాలంటే ఆ పాయింట్‌ని మొక్క అడుగున పెట్టాలి. యానిమేట్‌లో రెండు కీఫ్రేముల మధ్య కదలికని నింపే క్లాసిక్ ట్వీన్ వాడేటప్పుడు, ఒక కీఫ్రేములో ట్రాన్స్‌ఫర్మేషన్ పాయింట్ (అక్కడ యాంకర్ పాయింట్ లాంటిది ఇదే) మార్చి రెండోదాంట్లో వదిలేసినా వస్తువు జారుతుంది.

"200 శాతం అంటే రెట్టింపు." వెడల్పు రెట్టింపు, ఎత్తు రెట్టింపు, కాబట్టి విస్తీర్ణం నాలుగింతలు. పంట దిగుబడి రెట్టింపయిందని వృత్తాన్ని 200కి పెంచితే చూసేవాడికి నాలుగింతల పంట కనిపిస్తుంది. అక్కడ దాదాపు 141 శాతం పెట్టాలి. పాఠాల్లో ఇది చిన్న తప్పు కాదు, పిల్లలు బొమ్మనే గుర్తుపెట్టుకుంటారు.

"కీఫ్రేములు సమానంగా పెడితే జూమ్ సమానంగా సాగుతుంది." సాగదు. 100 నుంచి 200కి వెళ్లడమంటే రెట్టింపు, 900 నుంచి 1000కి వెళ్లడమంటే 11 శాతమే. అందుకే పెద్ద జూములు మొదట దూకి, చివర్లో నీరసించినట్టుంటాయి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ కీఫ్రేమ్ అసిస్టెంట్‌లో ఎక్స్‌పొనెన్షియల్ స్కేల్ ఉన్నది ఇందుకే. చిన్న కదలికలకి ఎఫ్9 నొక్కి, మొదలూ చివరా మెల్లగా సాగేలా చేసే ఈజీ ఈజ్ ఇస్తే చాలు.

"ఫ్లాష్ పోయింది, నేను నేర్చుకున్నదంతా వృథా." ఇలా అనుకుని కుమిలిపోయేవాళ్లు నాకు ఇంకా తగులుతున్నారు. 2020 డిసెంబర్ 31తో ఆగిపోయింది బ్రౌజర్‌లో ఫ్లాష్ యానిమేషన్లని ఆడించే ఫ్లాష్ ప్లేయర్ మాత్రమే. కీఫ్రేమ్, ట్వీన్, ఈజింగ్, యాంకర్ పాయింట్ అన్న ఆలోచనలు మీరు ఏ టూల్‌కి మారినా ఉంటాయి. దయచేసి రెజ్యూమేలోంచి ఆ అనుభవాన్ని తీసేయకండి.

తెలుగు టెక్స్ట్‌ని అక్షరం అక్షరంగా స్కేల్ చేసే ఎఫెక్టు పెట్టేటప్పుడు వత్తులు చూసుకోండి. కొన్ని టూల్స్ "స్త్రీ" లాంటి అక్షరాన్ని ముక్కలుగా లెక్కేసి వత్తుని విడిగా పెంచుతాయి. మాట మొత్తాన్ని ఒకేసారి స్కేల్ చేయడమే మేలు.

వెబ్‌లో అయితే విడ్త్, హైట్‌ల మీద యానిమేషన్ పెట్టకండి. బ్రౌజర్ ప్రతి ఫ్రేముకీ పేజీ లేఅవుట్ మళ్లీ లెక్కేసుకోవాల్సి వస్తుంది, ఫోన్లలో తడబడుతుంది. వెబ్ పేజీ రూపాన్ని చెప్పే సీఎస్‌ఎస్ కోడ్‌లో ట్రాన్స్‌ఫార్మ్ కింద ఉన్న స్కేల్ వాడండి. స్క్రీన్ నిండా దూసుకొచ్చే జూములు కొంతమందికి కళ్లు తిరిగేలా చేస్తాయి. అలాంటివాళ్లు ఫోన్‌లో రెడ్యూస్ మోషన్ ఆన్ చేసుకుంటారు. ఆ సెట్టింగ్‌ని గుర్తించే మీడియా క్వెరీ సీఎస్‌ఎస్‌లోనే ఉంది. దాన్ని వాడి, వాళ్లకి జూమ్ బదులు మామూలు ఫేడ్ చూపించండి.