పన్ను తీయించుకున్నాక దవడ ఎముక: అపోహలు - వాస్తవాలు

"చిగురు మానిపోయింది కదా, ఇక ఎముకకేం భయం?" దిల్‌సుఖ్‌నగర్‌లోని మా క్లినిక్‌లో నాకు తరచుగా ఎదురయ్యే అపోహ ఇది. చిగురు కొద్ది వారాల్లోనే మూసుకుంటుంది గానీ, దాని కింద ఎముక కరగడం అప్పుడే మొదలై ఉంటుంది. పంటి గుంటకు లోపలి అస్తరులా ఉండే ఎముక పొర పన్నును పట్టి ఉంచే నారలను నమ్ముకుని బతుకుతుంది. పన్నుతో పాటు ఆ నారలూ పోతాయి కనుక ఆ పొర నిలవదు. పై దవడ ముందు పళ్ల దగ్గర పెదవి వైపు గోడ చాలామందిలో 1 మిల్లీమీటరు మందం కూడా ఉండదు. మొదటి 6 నెలల్లో ఆ చోట దవడ ఎముక వెడల్పు సుమారు 30 నుంచి 60 శాతం దాకా తగ్గవచ్చు.

ముందు పన్ను తీయించుకున్న రెండేళ్లకు వచ్చిన ఒక ఉపాధ్యాయిని, పెదవి పైకెత్తి, వేలి కొన ఇమిడేంత పల్లాన్ని చూపించి, "ఇది అప్పుడు లేదండీ" అన్నారు. పన్ను తీసిన రోజునే గుంటలో గ్రాఫ్ట్, అంటే ఎముక పొడి లేదా అలాంటి పదార్థం, నింపి ఉంటే ఆ పల్లం ఇంత లోతుగా ఉండేది కాదు.

అలాగని గ్రాఫ్ట్ వేస్తే ఎముక అసలు తగ్గదనుకోవడమూ అపోహే. అది నష్టాన్ని తగ్గిస్తుందే తప్ప పూర్తిగా ఆపదు. గ్రాఫ్ట్ వేయనప్పటితో పోలిస్తే అదనంగా మిగిలేది సగటున 2 మిల్లీమీటర్ల వెడల్పే కావచ్చు. అయితే పోయిన పన్ను స్థానంలో ఎముకలో బిగించే 4 మిల్లీమీటర్ల ఇంప్లాంట్‌కు (కృత్రిమ పంటి వేరుకు) చుట్టూ కనీసం 1 మిల్లీమీటరు చొప్పున ఎముక కావాలి కాబట్టి, ఆ రెండు మిల్లీమీటర్లే చాలాసార్లు నిర్ణయాత్మకం అవుతాయి.

ఆ పొడి ఎక్కడిదన్న అనుమానం మాత్రం సమంజసమైనదే. రోగి సొంత ఎముక, దాతల ఎముక, సేంద్రియ పదార్థం తొలగించి శుద్ధి చేసిన పశువుల ఎముక, కృత్రిమంగా తయారుచేసిన కాల్షియం ఫాస్ఫేట్ రకాలు అన్నీ వాడుకలో ఉన్నాయి. పైన కప్పే కొలాజెన్ పొర పంది నుంచో పశువు నుంచో తీసినది కావచ్చు. అన్ని మతాల వారూ వచ్చే మన హైదరాబాద్‌లో ఈ సంగతి ముందే చెప్పి అనుమతి తీసుకోవడం వైద్యుడి బాధ్యత, రోగి అడిగేదాకా ఆగకూడదు.

పన్ను తీసిన ప్రతివారికీ గ్రాఫ్ట్ అవసరమన్న మాటనూ నేను ఒప్పుకోను. జ్ఞానదంతం తీసినచోట సాధారణంగా అక్కర్లేదు. చీము పట్టి ఉంటే ముందు దానిని అదుపు చేయాలి. పొగతాగేవారిలో, షుగరు అదుపులో లేనివారిలో ఫలితం తగ్గుతుంది.

గ్రాఫ్ట్ వేసిన తొలి రోజుల్లో బొంబాయి రవ్వలాంటి రెండు మూడు పలుకులు నోట్లోకి వస్తే కంగారు పడనక్కర్లేదు. గట్టిగా పుక్కిలించి మిగతావాటినీ కదిలించవద్దు. పలుకులు అదేపనిగా రాలుతున్నా, వాపు పెరుగుతున్నా వెంటనే వచ్చి చూపించుకోండి.