చిలికా బురదకూ ధ్రువపు నక్కకూ ఉన్న లంకె

ఏటా జనవరిలో ఒడిశాలోని చిలికా సరస్సులో పక్షుల లెక్క ముగియగానే రంభ, బరంపురం వైపు మన తెలుగువాళ్లు అడిగేది ఒకటే: ఈసారి పిట్టలు పెరిగాయా, తగ్గాయా? తగ్గాయంటే నేరమంతా సరస్సు మీదే పడుతుంది. అందులో నిజం లేకపోలేదు. 1981లో రామ్‌సర్ జాబితాకు, అంటే ప్రపంచస్థాయి ప్రాముఖ్యమున్న తడినేలల జాబితాకు ఎక్కిన చిలికా పన్నెండేళ్లు తిరక్కుండానే ప్రమాదంలో ఉన్న తడినేలల పట్టీలో చేరింది. నదుల ఒండ్రుతో సముద్రపు ముఖం పూడిపోయింది, ఉప్పదనం తగ్గింది, కలుపు కమ్మేసింది. 2000 సెప్టెంబరులో సిపకుడ దగ్గర కొత్త ముఖం తవ్వాక నీరు తేరుకుంది, 2002లో ఆ పట్టీ నుంచి బయటపడింది. రొయ్యల ఘేరీల (సరస్సులో కట్టలు, వలలతో చుట్టిన సాగు మడుల) గొడవ మాత్రం తీరలేదు. చిలికా, పులికాట్ సరస్సులకు వెయ్యి మీటర్ల లోపు రొయ్యల సాగు వద్దని 1996లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

అయితే కథలో సగం ఇక్కడ లేదు, ఉత్తర ధ్రువం దగ్గరుంది.

చలికాలానికి చిలికా వచ్చే వంకరముక్కు ఉల్లంకినే (కర్లూ శాండ్‌పైపర్) తీసుకోండి. అరవై గ్రాముల పిట్ట. చిలికాలోని నలబన దీవి బురదలో, నాట్లేసే వేళ్లంత వడిగా ముక్కు దించుతూ పురుగులు ఏరుకుంటుంది. చలికాలమంతా బూడిద రంగు. ఏప్రిల్‌కల్లా రొమ్ము ఇటుక రంగుకు తిరుగుతుంది. అప్పుడు బయలుదేరి సైబీరియా ఉత్తరపు అంచున, తైమిర్ వంటి చోట్ల, చెట్లు మొలవని చలినేలలైన టండ్రాల్లో నేల మీదే నాలుగు గుడ్లు పెడుతుంది. మగది ముందే వెళ్లిపోతుంది. పొదగడం, పిల్లల్ని సాకడం తల్లి ఒక్కదాని పనే.

అక్కడి ధ్రువపు నక్కకు అసలు తిండి లెమ్మింగ్ అనే పొట్టి ఎలుక. మూడు నాలుగేళ్లకోసారి అవి పుట్టలు పుట్టలుగా పెరిగి, తర్వాత ఒక్కసారిగా పడిపోతాయి. ఎలుకలు లేని ఏడాది నక్క ఉల్లంకి గూళ్ల మీద పడుతుంది. ఈ లంకెను పక్షిశాస్త్రవేత్తలు 1970, 80 దశకాల్లో పట్టుకున్నారు. ఇప్పుడు మంచు కరిగి మళ్లీ గడ్డకట్టి ఎలుకల దారులు మూసుకుపోవడంతో కొన్నిచోట్ల ఆ చక్రమే గతి తప్పింది. 2024లో ఈ పిట్టను ముప్పున్న జాతుల్లో చేర్చారు.

అందుకే మొత్తం తలల లెక్క ఒక్కటే చాలదంటాను. సెప్టెంబరు, అక్టోబరులో దిగే గుంపును దుర్భిణితో చూస్తే, ఆ ఏటి పిల్లల వీపు ఈకలకు లేత గోధుమరంగు అంచులు పొలుసుల్లా కనిపిస్తాయి. పెద్దవి బాగానే వచ్చి ఆ పొలుసుల వీపులు ఎక్కడో ఒకటీ అరా మాత్రమే తగిలాయంటే, మొదట అడగాల్సింది ఆ వేసవిలో టండ్రాలో నక్కకు ఎలుకలు దొరికాయా అని.