బెర్రీ కాబ్లర్: క్లాసుల్లో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

అనంతపురంలో బేకింగ్ క్లాసులు చెప్తుంటా. కాబ్లర్ అనగానే "అది మనకెందుకులే అక్కా" అంటారు, కానీ ఇంతకంటే సులువైనది నా సిలబస్‌లోనే లేదు.

అపోహ: ఇదీ ఒక రకం కేకే.
వాస్తవం: కాదబ్బా. ఇది అమెరికాలో ఇళ్లల్లో చేసుకునే పళ్ల వంటకం, బీటర్ వద్దు, ఐసింగ్ వద్దు. 8 అంగుళాల గిన్నెలో 100 గ్రాముల వెన్న కరిగించి, కప్పు మైదా, ముప్పావు కప్పు చక్కెర, ఒకటిన్నర టీస్పూన్ బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు, కప్పు పాలు కలిపి అందులో పోసి, పైన రెండు కప్పుల పళ్లు చల్లేయడమే, ఇంక గరిటె పెట్టి కలపొద్దు, పిండే పొంగి పళ్ల చుట్టూ పైకొస్తాది. గుడ్డు లేదు కాబట్టి శనివారమైనా తినొచ్చు.

అపోహ: బ్లూబెర్రీలే ఉండాల.
వాస్తవం: అంత రేటు పెట్టి ఎందుకు? చలికాలంలో స్ట్రాబెర్రీ, జూన్ జూలైలో గింజ తీసిన నేరేడు. హిందూపురం, మడకశిర దిక్కు పట్టుపురుగుల కోసం మల్బరీ పెంచుతారు, తెలిసిన రైతులుంటే పళ్లు అడిగి చూడండి. ఫ్రోజెన్ బెర్రీలైతే కరగనీకుండా అట్లే వేసేయండి.

అపోహ: రోంత వంటసోడా ఎక్కువేస్తే ఇంకా బాగా పొంగుతాది.
వాస్తవం: ఫొటో పంపి "బూజు పట్టిందా అక్కా" అని అడిగేవాళ్లంతా ఈ బ్యాచే! నేరేడు, మల్బరీ, బ్లూబెర్రీల్లో ఆంథోసయనిన్ అనే రంగు ఉంటాది, పులుపు తగిలితే ఎర్రగా, సోడా తగిలితే నీలంగా, ఇంకా ఎక్కువైతే ఆకుపచ్చగా మారుతాది. బూజు కాదు, సోడా పని. బేకింగ్ పౌడర్‌లో సోడాతో పాటు దానికి సరిపడా పులుపు కూడా ఉంటాది కాబట్టి అదొక్కటే చాలు, పళ్లకు చెంచాడు నిమ్మరసం పట్టిస్తే రంగూ నిలుస్తాది, రుచీ లేస్తాది.

అపోహ: పైన ఎర్రగా అయితే దించేయొచ్చు.
వాస్తవం: లోపల పచ్చిపిండి ఉండొచ్చు. 180 డిగ్రీల్లో 40-45 నిమిషాలు, అంచుల్లో రసం చిక్కగా బుడగలు రావాల, మధ్యలో పుల్ల గుచ్చితే పిండి అంటకూడదు. దించినాక ఇరవై నిమిషాలు ఆగండి, వేడిమీద రసం పల్చగానే ఉంటాది.

అపోహ: ఓవెన్ లేకపోతే కుదరదు.
వాస్తవం: మందపాటి గిన్నెలో ఉప్పు పరిచి, స్టాండ్ పెట్టి, మూతేసి సిమ్‌లో చేయొచ్చు, టైం ఎక్కువ పడతాది. పైన కరకరలాడదు, అది కావాలంటే మాత్రం ఓటీజీ అనే కరెంటు ఓవెనే గతి.