ఎత్తు మీటరు తడబడే క్షణం

రాత్రిపూట ప్రయోగమైతే, నెల్లూరు దగ్గరి మైపాడు బీచ్ ఇసుకలో కూర్చున్నా దక్షిణాన శ్రీహరికోట రాకెట్ నిప్పు కనిపిస్తుంది. చప్పుడు మాత్రం వెంటనే రాదు. మధ్యలో 80 కిలోమీటర్ల పైనే దూరం. ఒకవేళ చెవికి ఆనినా, అది నాలుగు నిమిషాల నాటి చప్పుడు.

1971 అక్టోబరు 9న ఆ దీవి నుంచి మొదట లేచింది రోహిణి-125. దాని లావు 125 మిల్లీమీటర్లే, ఇంట్లో చెంబంత. ఇవాళ అమెరికా ఎడారుల్లో ఔత్సాహికులు సొంతంగా కట్టి వదిలే పెద్ద రాకెట్లు చాలావరకు ఇంచుమించు ఆ సైజువే. 2004 మే 17న అలాంటి ఒక బృందం కాస్త పెద్దదే కట్టి, నెవాడాలో 100 కిలోమీటర్ల పైకి, అంటే అంతరిక్షం అంచు దాకా పంపింది. వీటి ఇంధనమూ పీఎస్‌ఎల్‌వీ మొదటి దశ ఇంధనం కోవలోదే: అమ్మోనియం పర్‌క్లోరేట్, అల్యూమినియం పొడి, రెండింటినీ పట్టి ఉంచే రబ్బరు జిగురు.

ఇలాంటి రాకెట్‌ను ధ్వని వేగం దాటించే బలం మోటారు, అంటే ఆ ఇంధనం మండే భాగం, ఇస్తుంది. అసలు చిక్కు గాలితోనే. పైగా దాటాల్సిన గీత ఒక్కచోట ఉండదు. రోహిణి కార్తెలో నెల్లూరు 42 డిగ్రీలతో ఉడుకుతుంటే ఇక్కడ ధ్వని వేగం సెకనుకు 356 మీటర్లు. పది కిలోమీటర్ల పైన, మైనస్ 50 డిగ్రీల చలిలో, 300 మీటర్లే.

ఆ గీత దగ్గర గాలి అడ్డు ఒక్కసారిగా పెరుగుతుంది. రెక్కలు పలచగా ఉంటే తుఫానుకి పాక మీది రేకులా టపటపా కొట్టుకుని విరిగిపోతాయి. మందంగా చేసి ఆ గండం గట్టెక్కొచ్చు. నాకు ఆసక్తి కలిగించేది మాత్రం లోపల ఉండే ఎత్తు మీటరు. రాకెట్ గొట్టానికి పెట్టిన చిన్న రంధ్రాల గుండా అది గాలి పీడనం చూస్తుంటుంది. పైకి పోయేకొద్దీ పీడనం తగ్గాలి. తగ్గడం ఆగి మళ్లీ పెరిగిందంటే, శిఖరం దాటి దిగుతున్నామని దాని లెక్క. వెంటనే చిన్న మందు కాల్చి పారాషూట్ బయటికి నెడుతుంది.

ధ్వని వేగాన్ని దాటేటప్పుడు షాక్ వేవ్, అంటే ఒక్కసారిగా నొక్కుకుపోయిన గాలి పొర, ఆ రంధ్రాల మీదుగా జరుగుతుంది. పీడనం గబుక్కున మారుతుంది. మీటరు పాపం, కిందికి వస్తున్నామనుకుంటుంది! సెకనుకు 350 మీటర్ల వేగంలో పారాషూట్ విప్పితే గుడ్డ పేలికలవుతుంది, తాడు గొట్టాన్ని జిప్ లాగినట్టు చీల్చేస్తుంది. మోటారు ఆరిపోయి వేగం తగ్గేటప్పుడు రాకెట్ అదే గీతను మళ్లీ దాటాలి. అంటే మోసపోయే అవకాశం రెండుసార్లు.

అందుకే వేగం బాగా తగ్గేదాకా పీడనాన్ని నమ్మొద్దని మీటరుకు ముందే చెప్పి పెడతారు. కొన్ని మీటర్లలో ఆ గడువును సెకన్లలో మనమే పెట్టాలి. తక్కువ పెడితే పాత కథే. మరీ ఎక్కువ పెడితే అసలు శిఖరం వచ్చి వెళ్లినా మీటరు పట్టించుకోదు. రాకెట్ ముక్కు కిందికి తిప్పుకుని, పారాషూట్ పొట్టలోనే ఉండగా, గునపంలా నేలలో దిగబడుతుంది.