ఏ యుద్ధానికి జనం రోడ్డెక్కుతారు?

సూడాన్‌లో పడమటి వైపు డార్ఫర్ అనే ప్రాంతం ఉంది. అక్కడి పెద్ద ఊళ్ళలో ఒకటి ఎల్ ఫాషర్. 2003లో డార్ఫర్‌లో యుద్ధం మొదలైంది. ప్రభుత్వం వెనకుండి నడిపించిన జంజవీద్ దళాలు గుర్రాల మీదా ఒంటెల మీదా వచ్చి ఊళ్ళకు ఊళ్ళు తగలబెట్టాయి. ఆకలితోనూ జబ్బులతోనూ పోయినవాళ్ళతో కలిపి దాదాపు 3 లక్షల మంది చనిపోయి ఉంటారని ఐక్యరాజ్య సమితి అంచనా వేసింది. ఆ రోజుల్లో అమెరికాలో డార్ఫర్ పేరు తెలియని కాలేజీ పిల్లలు తక్కువ. 2004లో 'సేవ్ డార్ఫర్' పేరుతో పెద్ద కూటమి ఏర్పడింది. 2005 ఏప్రిల్‌లో హార్వర్డ్ యూనివర్సిటీ సూడాన్ చమురుతో ముడిపడ్డ పెట్రోచైనా కంపెనీలో తన షేర్లు అమ్మేసింది. 2006 ఏప్రిల్ 30న వాషింగ్టన్‌లో వేలమంది ర్యాలీ తీశారు. హాలీవుడ్ నటుడు జార్జ్ క్లూనీ అక్కడ మాట్లాడాడు.

ఇరవై ఏళ్ళ తర్వాత అదే డార్ఫర్ మళ్ళీ తగలబడింది. జంజవీద్ నుంచి పుట్టిన ర్యాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్‌కీ (ఆర్‌ఎస్‌ఎఫ్) సూడాన్ సైన్యానికీ మధ్య 2023 ఏప్రిల్ 15న యుద్ధం మొదలైంది. కోటి మందికి పైగా ఇళ్ళు వదిలి పోయారు. ఎల్ ఫాషర్‌ని ఆర్‌ఎస్‌ఎఫ్ 500 రోజులకు పైగా ముట్టడించింది. దగ్గర్లోని జంజం నిర్వాసితుల శిబిరంలో కరువు వచ్చిందని 2024 ఆగస్టులో అధికారికంగా ప్రకటించారు. 2025 అక్టోబర్ 26న ఊరు ఆర్‌ఎస్‌ఎఫ్ చేతికి చిక్కింది. తర్వాత జరిగిన ఊచకోత ఆనవాళ్ళను యేల్ యూనివర్సిటీ పరిశోధకులు ఉపగ్రహ చిత్రాల్లో గుర్తించారు. నేల మీది నెత్తురు అంతరిక్షం నుంచి కనపడింది. పరాయి దేశాల్లో ఉంటున్న సూడాన్ వాళ్ళు వీధుల్లోకి వచ్చారు గానీ, 2006 నాటి ఉద్యమం లాంటిది మాత్రం లేవలేదు.

గాజా మీద బాంబులు పడుతున్నప్పుడు విజయవాడలో వామపక్షాల వాళ్ళు, ముస్లిం సంఘాల వాళ్ళు ర్యాలీలు తీశారు. అప్పుడు చాలామంది నోట వినపడ్డ మాట: "మరి సూడాన్ సంగతేంటి? అక్కడ చచ్చేవాళ్ళు మనుషులు కారా?" ఎక్కువగా ఈ మాటను ఎదుటివాళ్ళ నోరు మూయించడానికే వాడతారు. అది నాకు నచ్చదు. ఒక చావుకు ఏడ్చిన మనిషిని పట్టుకుని ఇంకో చావుకు ఎందుకు ఏడవలేదని నిలదీస్తే ఆ రెండో చావుకు ఒరిగేదేమీ ఉండదు. అయినా ప్రశ్న మాత్రం నిజమైనది. శ్రద్ధగా జవాబు వెతకాల్సినది.

చావుల లెక్కకీ నిరసనకీ పెద్దగా సంబంధం లేదు. 1998లో మొదలైన రెండో కాంగో యుద్ధాన్నే చూడండి. 1998 నుంచి 2007 దాకా ఆ యుద్ధమూ దాని వెంట వచ్చిన ఆకలీ రోగాలూ కలిసి 54 లక్షల మందిని మింగాయని ఇంటర్నేషనల్ రెస్క్యూ కమిటీ సర్వేలు లెక్కగట్టాయి. ఆ లెక్క చాలా ఎక్కువని వాదించిన పరిశోధకులున్నారు. అందులో సగమే నిజమనుకున్నా అది మన కాలపు అతి పెద్ద ఘోరాల్లో ఒకటి. విజయవాడలో దాని పేరు విన్నవాళ్ళు ఎంతమంది?

అంకెలకు మన మనసు ఎందుకు కరగదో పాల్ స్లోవిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చాలా ఏళ్ళుగా పరిశోధిస్తున్నాడు. ఆయన, సహచరులు కలిసి 2007లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. వేరే సర్వేలో పాల్గొన్నందుకు కొంతమందికి 5 డాలర్లు చేతిలో పెట్టారు. అందులోంచి ఆఫ్రికా ఆకలి బాధితులకు ఎంత ఇస్తారని అడిగారు. కొందరికి మాలి దేశంలోని రోకియా అనే ఏడేళ్ళ పాప గురించి చెప్పారు. వాళ్ళు సగటున 2.38 డాలర్లు ఇచ్చారు. ఇంకొందరికి లక్షల్లో ఉన్న బాధితుల గణాంకాలు చూపించారు. వాళ్ళిచ్చింది 1.14 డాలర్లు. మూడో గుంపుకి పాప కథా చెప్పి, గణాంకాలూ చూపించారు. రెండూ కలిస్తే ఇంకా ఎక్కువ ఇవ్వాలి కదా? 1.43 డాలర్లే ఇచ్చారు. లెక్క పక్కన చేరేసరికి పాప మీద జాలి కూడా తగ్గిపోయింది!

ఫోటోల సంగతీ అంతే. 2015 సెప్టెంబర్‌లో సిరియా నుంచి పారిపోతూ సముద్రంలో మునిగిపోయి టర్కీ తీరానికి కొట్టుకొచ్చిన పసివాడి ఫోటో ప్రపంచమంతా చూసింది. ఆ వారం స్వీడన్ రెడ్ క్రాస్‌కి సిరియా శరణార్థుల కోసం వచ్చిన విరాళాల సంఖ్య అంతకు ముందు వారం కంటే వంద రెట్లు దాటింది. ఆరు వారాలు తిరిగేసరికి ఆ ఊపు చల్లబడిపోయింది. అదే సూడాన్‌లో అయితే విలేకర్లు లోపలికి వెళ్ళడమే కష్టం. 2024 ఫిబ్రవరిలో దేశంలో చాలా భాగానికి ఇంటర్నెట్, ఫోన్లు ఆగిపోయాయి. ఫోటోలు బయటికి ఎలా వస్తాయి?

మీడియా తప్పు లేదని అనడం లేదు. ఐజెన్సీ, స్ట్రోంబర్గ్ అనే ఆర్థికవేత్తలు 1968 నుంచి 2002 దాకా జరిగిన దాదాపు 5,000 ప్రకృతి వైపరీత్యాలను అమెరికా టీవీ వార్తలతో సరిపోల్చి చూశారు. అగ్నిపర్వతం పేలి ఒక మనిషి చనిపోతే వార్త అయ్యే అవకాశం ఎంతో, కరువులో 40,000 మంది చనిపోతే గానీ అంత అవకాశం రాదని తేలింది. ఒలింపిక్స్ జరుగుతున్న రోజుల్లో వచ్చిన విపత్తు అయితే వార్తల్లోకి ఎక్కడం మరీ కష్టమట. మన పేపర్ల అంతర్జాతీయ పేజీని ఈ కళ్ళతో చూస్తే చాలా సంగతులు అర్థమవుతాయి.

అయితే ఇదంతా జాలి గురించి. జాలి పడ్డవాళ్ళంతా రోడ్డెక్కరు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం నేరుగా మన వంటిళ్ళలోకి వచ్చింది. మన దేశానికి పొద్దుతిరుగుడు నూనె ఎక్కువగా అక్కడి నుంచే వచ్చేది కాబట్టి ప్యాకెట్ ధర ఆకాశాన్నంటింది. మెడిసిన్ చదవడానికి వెళ్ళిన మన పిల్లలు బంకర్లలో తలదాచుకున్నారు. ఇక్కడ ఇళ్ళలో టీవీ కట్టెయ్యకుండా కూర్చున్నారు. అంత టెన్షన్ పడ్డ తల్లిదండ్రులు రష్యాకి వ్యతిరేకంగా ధర్నా చేశారా? లేదు. వాళ్ళు మన అధికారుల చుట్టూ తిరిగారు, మా పిల్లల్ని తీసుకురండి అని. ఆపరేషన్ గంగ పేరుతో ప్రభుత్వం విమానాలు పంపింది. వాళ్ళు అడిగింది ఇవ్వగలిగిన వాళ్ళనే అడిగారు.

నా ఉద్దేశంలో అసలు కీలకం ఇక్కడుంది. కలెక్టరేట్ దగ్గర ధర్నా ఎలా జరుగుతుందో చూడండి. టెంటు వేస్తారు, బ్యానర్ కడతారు, నినాదాలిస్తారు, నాయకులు మైకులో మాట్లాడతారు. ఎండ నెత్తికెక్కే వేళకి నలుగురైదుగురు లోపలికి వెళ్ళి కలెక్టర్‌కో, ఆయన లేకపోతే డీఆర్వోకో వినతిపత్రం ఇస్తారు. దాని ఫోటోయే మర్నాడు జిల్లా పేజీలో వస్తుంది. ఆ కాగితం తీసుకునేవాడు లేకపోతే ధర్నాకి రూపమే రాదు. యుద్ధం మీద నిరసనకీ అలాంటివాడు కావాలి. మన మాట వినక తప్పనివాడు, వింటే ఏదో ఒకటి ఆపగలిగినవాడు.

2003 ఫిబ్రవరి 15న ఇరాక్ యుద్ధం వద్దంటూ వందల నగరాల్లో జనం కదిలారు. రోమ్‌లో 30 లక్షల మంది అని గిన్నిస్ రికార్డు. లండన్‌లో పది లక్షల దాకా వచ్చారు. ఇంగ్లండ్ జనం సద్దాం మీద ప్రేమతో రాలేదు. సైన్యాన్ని పంపబోతున్నది తాము ఓట్లేసి గెలిపించిన ప్రభుత్వం. గాజా విషయంలోనూ ఇంతే. ఇజ్రాయెల్‌కి అమెరికా ఏటా 380 కోట్ల డాలర్ల సైనిక సాయం ఇస్తోంది. అక్కడి విద్యార్థి తన ప్రభుత్వాన్నీ, తన యూనివర్సిటీ పెట్టుబడుల్నీ నిలదీయగలడు. 2023 అక్టోబర్‌లో ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభలో గాజా తీర్మానం మీద ఓటింగ్‌కి భారత్ దూరంగా ఉంది కాబట్టి, విజయవాడలో ర్యాలీ తీసినవాళ్ళకి కూడా ఢిల్లీ అనే చిరునామా దొరికింది.

యుద్ధం తన గుమ్మం తొక్కితే మనిషి ఎంత మారతాడో చెప్పే లెక్క వియత్నాం కాలం నాటిది. 1969 డిసెంబర్ 1న అమెరికాలో పుట్టిన తేదీల మీద లాటరీ తీశారు. గాజు పాత్రలో 366 గొట్టాలు, ఒక్కో దాంట్లో ఒక తేదీ. మొదట వచ్చింది సెప్టెంబర్ 14. ఆ రోజు పుట్టిన కుర్రాళ్ళు అందరికంటే ముందు సైన్యంలోకి వెళ్ళాలి. చివర్లో వచ్చిన తేదీల వాళ్ళు దాదాపు బయటపడ్డట్టే. ఎరిక్సన్, స్టోకర్ అనే పరిశోధకులు అప్పటి కాలేజీ కుర్రాళ్ళ అభిప్రాయాల్ని వాళ్ళ లాటరీ నంబర్లతో పోల్చి 2011లో ప్రచురించారు. చిన్న నంబర్ వచ్చినవాళ్ళు యుద్ధానికి ఎక్కువ వ్యతిరేకులయ్యారు. దశాబ్దాల తర్వాత కూడా ఆ తేడా పూర్తిగా చెరిగిపోలేదు.

మన చరిత్రలోనూ ఇలాంటిదుంది. 1939లో వైస్రాయ్ మనల్ని ఒక్క మాట అడగకుండా భారత్‌ని యుద్ధంలోకి లాగాడు. 1940 అక్టోబర్ 17న వినోబా భావేతో వ్యక్తి సత్యాగ్రహం మొదలైంది. బ్రిటిష్ యుద్ధానికి మనిషినిచ్చినా డబ్బిచ్చినా తప్పే అన్నది నినాదం. సత్యాగ్రహి ఫలానా రోజు ఫలానా చోట యుద్ధానికి వ్యతిరేకంగా మాట్లాడతానని అధికారులకు ముందే తెలియజేసి వెళ్ళేవాడు. మన వైపు నుంచి టంగుటూరి ప్రకాశం పంతులు కూడా అందులో జైలుకెళ్ళారు. యుద్ధ వ్యతిరేకతకి ఇంత స్పష్టమైన చిరునామా ప్రపంచ చరిత్రలోనే అరుదు.

చిరునామా ఒక్కటే చాలదు, పిలిస్తే వచ్చే మనుషులు ముందే ఉండాలి. 1978లో మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త ఒక లెక్క వేశాడు. దాన్ని విజయవాడ లెనిన్ సెంటర్‌కి తెచ్చుకుందాం. వందమంది నిలబడి ఉన్నారు. ఒకడు ఎవరూ రాకపోయినా నినాదం ఇచ్చే రకం. రెండోవాడు ఒకడు మొదలుపెడితే కలుస్తాడు. మూడోవాడికి ఇద్దరు కావాలి, నాలుగోవాడికి ముగ్గురు. ఇలా వందమందీ కదులుతారు. ఇప్పుడు ఆ రెండోవాడు కూడా 'ఇద్దరుంటేనే వస్తా' అనే రకం అనుకోండి. మొదటివాడు ఒక్కడే అరిచి అరిచి ఇంటికి పోతాడు. చూసినవాళ్ళు ఈ ఊళ్ళో జనానికి పట్టింపు లేదంటారు. నిజానికి 99 మంది మనసులో ఏ తేడా లేదు.

సంఘాలు, పార్టీలు, మసీదులు, చర్చిలు, విద్యార్థి యూనియన్లు చేసే పని ఆ రెండోవాణ్ణి సిద్ధంగా ఉంచడమే. 1938లో జపాన్ దాడిలో నలుగుతున్న చైనాకి కాంగ్రెస్ ఐదుగురు డాక్టర్లను పంపగలిగిందంటే, డాక్టర్ కోట్నీస్ అక్కడే ప్రాణం వదిలాడంటే, ఊరూరా చందా వసూలు చేయగల ఉద్యమం అప్పటికే ఉండబట్టే. 2009లో శ్రీలంక యుద్ధం ఆఖరి నెలల్లో తమిళనాడు అట్టుడికిపోయింది. చెన్నై నుంచి రైలెక్కితే విజయవాడ ఆరేడు గంటలు. ఇక్కడ చెప్పుకోదగ్గ కదలిక లేదు. ఆ యుద్ధంలో 40,000 మంది దాకా పౌరులు చనిపోయి ఉండొచ్చని తర్వాత ఐక్యరాజ్య సమితి నిపుణులు చెప్పారు. తెలుగువాళ్ళకి గుండె లేకపోవడం దీనికి కారణమంటే ఒప్పుకోను. పిలిచే గొంతు ఇక్కడ లేదు.

ఆ గొంతులు పార్టీలవి అయితే ఇంకో చిక్కు వస్తుంది. అమెరికాలో హీనీ, రోహాస్ అనే ఇద్దరు పరిశోధకులు యుద్ధ వ్యతిరేక ర్యాలీలకు వచ్చినవాళ్ళ దగ్గర ప్రశ్నాపత్రాలు నింపించుకుంటూ వెళ్ళారు. ఒబామా గెలిచాక డెమోక్రాట్ అభిమానులు ర్యాలీలకు రావడం మానేశారని తేలింది. ఒబామా 2009లో ఆఫ్ఘనిస్తాన్‌కి మరో 30,000 మంది సైనికుల్ని పంపుతుంటే వీధులు పలచబడ్డాయి. మన వాళ్ళు గద్దెనెక్కితే మన నోరు ఎలా మూతపడుతుందో మనకి వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మళ్ళీ డార్ఫర్‌కి వద్దాం. 2004లో కథ సూటిగా కనపడింది: ఒక నియంత, అతని దళాలు, కాలిపోతున్న పల్లెలు. ర్వాండా ఊచకోతకి సరిగ్గా పదేళ్ళు నిండి, అప్పుడు చేతులు కట్టుకు కూర్చున్నామన్న బాధ పచ్చిగా ఉంది. అమెరికా చర్చిలు, యూదు సంఘాలు కదలడానికి సిద్ధంగా ఉన్నాయి. అడగడానికి బుష్ ప్రభుత్వం ఉంది, అమ్మించడానికి షేర్లున్నాయి. 2023లో వార్త ఇద్దరు సైనిక నాయకుల మధ్య గొడవగా బయటికొచ్చింది. ఇద్దరి చేతులకూ నెత్తురుంది. ఉక్రెయిన్ అప్పటికే తెర మీద ఉంది, ఆ అక్టోబర్ నుంచి గాజా కూడా చేరి తెరంతా నింపేశాయి. వినతిపత్రం ఎవరికివ్వాలి?

కానీ ఈ యుద్ధం గాలి మీద నడవడం లేదు, బంగారం మీద నడుస్తోంది. రెండు వైపుల చేతుల్లోనూ గనులున్నాయి. సూడాన్ బంగారంలో పెద్ద భాగం చేరేది యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌కి. ఆ దేశం ఆర్‌ఎస్‌ఎఫ్‌కి ఆయుధాలు అందిస్తోందన్న ఆరోపణలు నమ్మదగినవేనని ఐక్యరాజ్య సమితి నిపుణుల బృందం 2024లో చెప్పింది. ఎమిరేట్స్ కాదంటోంది. భారత్ బంగారం దిగుమతి చేసుకునే దేశాల్లో ఎమిరేట్స్ ముఖ్యమైనది. 2022 మే నుంచి అమల్లో ఉన్న వాణిజ్య ఒప్పందం కింద అక్కడి బంగారంలో కొంతకి సుంకం రాయితీ కూడా ఉంది.

గని నుంచి వచ్చిన ముడి బంగారంలో వెండి, రాగి లాంటివి కొద్దికొద్దిగా కలిసి ఉంటాయి. ఆ కలయికను బట్టి ఏ ప్రాంతానిదో కొంతవరకు పోల్చుకోవచ్చు. కరిగించి, శుద్ధి చేసి, నాలుగు దేశాల సరుకు కలిపేశాక ఆ గుర్తులు పోతాయి. బీసెంట్ రోడ్డులో గాజులు కొంటే లోపలి వైపు హాల్‌మార్క్ ఉంటుంది. 2023 ఏప్రిల్ నుంచి అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు కోడ్ తప్పనిసరి. 916 అంటే 22 క్యారెట్లని చెబుతుంది. ఏ షాపు వాళ్ళు గుర్తు వేయించారో, ఏ కేంద్రంలో పరీక్షించారో యాప్‌లో కనపడుతుంది. ఏ గనిలోదో చెప్పదు. ఆ గాజుల్లో సూడాన్ బంగారం ఉందని నేనట్లేదు. లేదని షాపు వాళ్ళు కూడా చెప్పలేరు.

వజ్రాల విషయంలో ఈ పని ఒకసారి జరిగింది. అంగోలా, సియెర్రా లియోన్ యుద్ధాలు వజ్రాల డబ్బుతో నడుస్తున్నాయని 1998 నుంచి గ్లోబల్ విట్‌నెస్ లాంటి సంస్థలు బయటపెట్టాయి. అప్పటిదాకా ఆ యుద్ధాల పేరెత్తని పట్నాల్లో నగల షాపుల ముందు ప్రశ్నలు మొదలయ్యాయి. 2003 నుంచి కింబర్లీ పద్ధతి వచ్చింది. ముడి వజ్రాలు దేశం దాటాలంటే ధ్రువపత్రం కావాలి. దాంట్లో బోలెడు చిల్లులున్నాయి, దొంగ సరుకు ఆగిపోలేదు. అయినా చిరునామా లేని యుద్ధానికి ఒక చిరునామా దొరికింది. సూడాన్‌కి ఇప్పుడిప్పుడే అలాంటి ప్రయత్నం కనపడుతోంది. 2024లో మాక్లిమోర్ అనే అమెరికన్ ర్యాపర్ సూడాన్ యుద్ధంలో ఎమిరేట్స్ పాత్ర చూపిస్తూ తన దుబాయ్ కచేరీ రద్దు చేసుకున్నాడు.

ఏటా వందల టన్నుల బంగారం కొనే దేశం మనది. దిగుమతి కాగితాల్లో శుద్ధి చేసిన దేశంతో పాటు తవ్విన దేశం పేరు కూడా ఉండాలని అడగొచ్చు. సుంకం రాయితీ ఇచ్చేటప్పుడు ఆ వివరం షరతుగా పెట్టమనొచ్చు. అది కేంద్ర వాణిజ్య శాఖ చేతిలో పని. మన ఎంపీలు పార్లమెంటులో అడగగలిగిన ప్రశ్న. నగల వర్తకుల సంఘాలు ఈ ఊళ్ళోనే ఉన్నాయి, వాళ్ళతోనే మొదలుపెట్టొచ్చు.