మామ నోట "బాగుంది" అనే మాట

దామలచెరువు మండీలో మామ మామిడికాయను చూసే తీరు ఇది. ముందు ముచ్చిక పక్కన భుజాలు పైకి లేచాయా అని బొటనవేలితో తడుముతాడు. ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. తర్వాత కత్తితో చెంప కోసి, టెంక పక్కన కండ పసుపు రంగుకు తిరిగిందో ఇంకా తెల్లగానే ఉందో చూస్తాడు. పది సెకన్లు కూడా పట్టదు. "బాగుంది అల్లుడా" అంటాడు, లేదా "వద్దు" అంటాడు. ట్రాక్టరు లోడు ధర ఆ మాట మీదే తేలుతుంది.

బరువుకు కాటా ఉంది. తీపికి బ్రిక్స్ మీటరు ఉంది, గుజ్జు ఫ్యాక్టరీల్లో వాడతారు. "బాగుంది" అనే మాటకు ఏ మీటరూ లేదు. అలాంటి మాటలతో తీసుకునే నిర్ణయాలకూ కంప్యూటర్ సాయం పట్టవచ్చని చాలామందికి తెలియదు.

1970ల్లో థామస్ సాటీ అనే గణితవేత్త ఇలాంటి నిర్ణయాలకు ఒక పద్ధతి తయారుచేశాడు. పేరు ఏహెచ్‌పీ (అనలిటిక్ హైరార్కీ ప్రాసెస్). అన్ని గుణాలనూ ఒకేసారి తూచమని అడగదు. రెండేసి చొప్పున పెట్టి, ఏది ఎంత ముఖ్యమో 1 నుంచి 9 లోపు చెప్పమంటుంది. పక్వం వాసన కంటే 3 రెట్లు, తొక్క కంటే 5 రెట్లు ముఖ్యం, వాసన తొక్క కంటే 2 రెట్లు అని మామ అన్నాడనుకుందాం. లెక్క కడితే పక్వానికి 65 శాతం, వాసనకు 23, తొక్కకు 12 వస్తాయి. మన మాటలు ఒకదానికొకటి పొసగకపోతే అదీ పట్టిస్తుంది.

నాకు ఇందులో నచ్చనిది కూడిక. ఒక్కో గుణానికి మార్కులేసి, ఆ శాతాల ప్రకారం కలిపేస్తారు. లోపల కుళ్ళిన కాయకు కూడా రంగులో, వాసనలో మార్కులు పడతాయి. కలిపితే పాస్ అయినా అవుతుంది. మండీలో ఎవరూ అలా కొనరు. ఒక్క చెడు చాలు, మిగతా మంచంతా పోయినట్టే.

అందుకే యూరప్‌లోని స్లొవేనియా వాళ్ళ డెక్స్ పద్ధతి మీద నాకు గురి. అందులో అంకెలు ఉండవు, మాటలే: మంచిది, ఫరవాలేదు, చెడ్డది. ఏ కలయికకు ఏ తీర్పో మనమే పట్టికలో రాయాలి. 1980ల్లో అక్కడి ల్యుబ్ల్యానా నగరంలో శిశుపాఠశాలల్లో సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువయ్యాయి. సీటు రాని తల్లిదండ్రులకు కారణం చెప్పాలి కదా! తల్లిదండ్రుల ఉద్యోగం, ఇంటి పరిస్థితి, కుటుంబ ఆరోగ్యం లాంటివి మాటల్లోనే పెట్టి, ఇలాంటి నమూనాతోనే దరఖాస్తులను వరస పెట్టారు. ఎందుకు రాలేదో పట్టికలో వేలు పెట్టి చూపించవచ్చు. నా దృష్టిలో ఈ పద్ధతికున్న పెద్ద బలం అదే.

మొన్న సీజన్‌లో మామ తీర్పులతో ఇలాంటి పట్టికే నింపుదామని ఆయన పక్కన లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. మూడు గుణాలు, ఒక్కోదానికి మూడు మాటలు, మొత్తం 27 వరసలు. పక్వం, వాసన మంచివై తొక్క ఫరవాలేదంటే కాయ "ఫరవాలేదు" అన్నాడు. కాసేపటికి అదే పక్వం, అదే వాసన, తొక్క మాత్రం చెడ్డది అని అడిగితే "బాగుంది" అన్నాడు. తొక్క పాడైతే కాయ మెరుగవుతుందా? ప్రోగ్రామ్ ఆ వరసను పట్టుకుంది. మామకు చూపించాను.

కాసేపు ఆలోచించి, "ఇది ఫ్యాక్టరీకి పోయే తోతాపురి అనుకున్నా. గుజ్జు తీసేదానికి తొక్క మీద సొన మరకలుంటే ఏమి? ముందర చెప్పింది మార్కెట్టుకు పోయే బేనీషా" అన్నాడు. బేనీషా అంటే బంగినపల్లి.

అంటే ఆయన చూసేది మూడు గుణాలు కాదు, నాలుగు. నాలుగోది కాయ ఎక్కడికి పోతుందనేది. ఇన్నేళ్ళూ అది ఆయన తలలోనే ఉంది, ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆ గడి చేర్చితే వరసలు 54 అయ్యాయి. సాయంత్రం కత్తి తుడుచుకుంటూ, వాన పడినాక కోసిన కాయ సంగతి నేను అడగనే లేదని మామే గుర్తుచేశాడు. దానికి ఇంకో గడి కలపాలి.